కొవ్వొత్తి ఆరాక నీళ్లు ఎందుకు పైకెక్కుతాయి?

పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దానిమీద గాజు గ్లాసు బోర్లిస్తే కాసేపటికి మంట ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. ఆక్సిజన్ అయిపోయింది కాబట్టి ఆ చోటును నీళ్లు నింపాయని చాలామంది చెప్పేస్తారు. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం, నీళ్లూ ఇంచుమించు ఐదో వంతే ఎక్కాయి చూడండంటారు. లెక్క కుదిరినంత మాత్రాన కారణం అదే కానక్కర్లేదు. అదే నిజమైతే మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు మెల్లగా ఎక్కుతూ ఉండాలి. కానీ మంట ఆరే వేళకు, ఆరిన వెంటనే గబగబా ఎక్కుతాయి. అసలు సంగతి వేడిది. వేడికి వ్యాకోచించిన గాలి కొంత ముందే బయటికి పోతుంది. గ్లాసు అంచు దగ్గర బుడగలు కనబడేది అందుకే. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి లోపల పీడనం తగ్గుతుంది, బయటి గాలి నీళ్లను లోపలికి నెడుతుంది.

మరి ఆక్సిజన్ ఖర్చు కాలేదా అంటారా? అయింది, కొంతే. దాని బదులు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పుట్టాయి. ఆ ఆవిరే గ్లాసు లోపల చెమ్మగా పట్టి, పీడనం ఇంకాస్త తగ్గడానికి తోడ్పడుతుంది. ఇంకా నమ్మకం కుదరకపోతే, పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని, ఒకే కొలత గ్లాసులు రెండు తీసుకుని ఒకదాని కింద ఒక కొవ్వొత్తి, రెండోదాని కింద మూడు పెట్టి చూడండి. ఆక్సిజన్ రెండింటిలోనూ సమానమే. నీళ్లు మాత్రం మూడున్న గ్లాసులోనే ఎక్కువ ఎక్కుతాయి.