ఖాళీ భూమి కొనడానికి పన్నుల సొమ్మా?

బడి కట్టడానికి ప్రభుత్వం భూమి కొంటే ఎవరూ ప్రశ్నించరు. ఆస్పత్రికి కొన్నా అంతే. కానీ ఏమీ కట్టకుండా, కొండను కొండగా, పచ్చికను పచ్చికగా ఉంచడానికి ప్రజల పన్నులతో భూమి కొనవచ్చా? వింతగా అనిపించే ఈ పనిని అమెరికాలో ఒక పట్టణం చేసి చూపించింది.

కొలరాడో రాష్ట్రంలో రాకీ పర్వతాల పాదాల దగ్గర బౌల్డర్ ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడ జనాభా పెరిగి, ఇళ్ళు కొండల మీదికి పాకసాగాయి. 1959లో ప్రజలు ఓటు వేసి, సుమారు 5,750 అడుగుల ఎత్తు దాటితే పట్టణపు నీటి సరఫరా ఉండకూడదని నిర్ణయించారు. అయినా భూమి ప్రైవేటు వ్యక్తులదే. ఈనాటి నిబంధనను రేపటి పాలకులు మార్చవచ్చు. పైగా పరిహారం ఇవ్వకుండా "నీ భూమిలో నువ్వేమీ కట్టకు" అనడం యజమానికి అన్యాయం. కొనేస్తే ఈ రెండు చిక్కులూ తీరతాయి. అందుకే 1967లో మళ్ళీ ఓటు వేశారు. ప్రతి 100 డాలర్ల కొనుగోలు మీద 40 సెంట్లు అదనపు అమ్మకం పన్ను కట్టడానికి ప్రజలే ఒప్పుకున్నారు. నేడు ఆ పట్టణం రక్షణలో 45 వేల ఎకరాలకు పైగా భూమి ఉంది. అందులో నడకదారులున్నాయి, రైతులకు కౌలుకిచ్చిన పొలాలూ ఉన్నాయి.

ఇది నాణేనికి ఒకవైపు. చుట్టూ కట్టడానికి చోటు తగ్గడం కూడా ఒక కారణమై బౌల్డర్‌లో ఇళ్ళ ధరలు బాగా పెరిగాయి. అక్కడ పనిచేసే ఎందరో అక్కడ ఉండలేక దూరం నుంచి వచ్చిపోతున్నారు. కాబట్టి భూమి కొనే ప్రభుత్వం పేదల ఇళ్ళకు కూడా చోటు చూడాలి.

మరో ఉదాహరణ ఇంకా బాధాకరం. న్యూయార్క్‌లో సెంట్రల్ పార్కు కోసం 1850లలో ప్రభుత్వం భూమి సేకరించింది. ఆ స్థలంలో సెనెకా విలేజ్ అనే పల్లె ఉండేది. 1825 నుంచి నల్లజాతివారు అక్కడ స్థలాలు కొనుక్కుని ఇళ్ళు, చర్చిలు, బడి కట్టుకున్నారు. ఆ రోజుల్లో ఆ రాష్ట్రంలో నల్లజాతి పురుషుడికి ఓటు కావాలంటే 250 డాలర్ల విలువైన భూమి ఉండాలి. తెల్లవారికి ఆ షరతు లేదు. 1857 నాటికి ఆ పల్లెను ఖాళీ చేయించారు. యజమానులకు పరిహారం ఇచ్చినా ఊరు చెదిరిపోయింది. భూమితో పాటు ఓటుకు ఆధారమూ పోయింది. ఈనాడు లక్షలమంది సేదతీరే ఆ పార్కు కింద ఈ కథ ఉంది.

మన దగ్గర ఈ ప్రశ్న మరో రూపంలో వచ్చింది. 2025లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలోని సుమారు 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం మొదలుపెడితే విద్యార్థులు అడ్డుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు నిలిపివేయమంది. అది ప్రభుత్వ భూమి అన్నప్పుడు కొనే ఖర్చు లేదు. కానీ అమ్మితే వచ్చే డబ్బును వదులుకోవాలి. అదీ ప్రజల సొమ్మే.

మరి మన సమాధానం ఏమిటి? పన్ను కట్టేది ధనవంతులేనని, మనబోటి హాస్టల్ పిల్లలు ఆ సొమ్ము తినేవాళ్ళమని కొందరంటారు. అది నిజం కాదు. కూలికి వెళ్ళే అమ్మ సబ్బు బిళ్ళ కొన్నా పన్ను కడుతోంది. ఆ డబ్బుతో భూమిని కాపాడవచ్చు, కాపాడాలి కూడా. చెరువు, కొండ ఒకసారి పోతే ఎంత డబ్బు పోసినా తిరిగి రావు. అయితే మూడు షరతులు ఉండాలి. పేదల గుడిసెలు, సాగుభూములు లాక్కోకూడదు. ధర, లెక్కలు అందరికీ తెలియాలి. అక్కడికి ఎవరైనా టిక్కెట్టు లేకుండా వెళ్ళగలగాలి.

మిత్రులారా, సొంత భూమి లేని వాడికి ఊరుమ్మడి భూమే పొలం, పెరడు, ఆటస్థలం. దానిని ఎవరు కొంటున్నారు, ఎవరు అమ్ముతున్నారు అని అడిగే హక్కు అందరికంటే ముందు మనకే ఉంది.