కవర్‌లో సబ్బు ఉడికించొచ్చా? ముందు ఆ కవర్ సంగతి చూద్దాం

పోయిన ఎపిసోడ్‌లో గిన్నెలో సబ్బు ఉడికించాం కదా. అది చూసి మా తమ్ముడు అడిగాడు: "అన్నా, గంటలు గంటలు పొయ్యి దగ్గర నిలబడి కలపడం ఎవడి వల్ల అవుతుంది? కవర్‌లో పోసి వేడినీళ్లలో పడేస్తే పోలా?" పడేయొచ్చు. నేనూ పడేశాను. మొదటిసారి ఏమైందో అది ముందు చెప్తాను.

ఫ్రిజ్‌లో కొత్తిమీర పెట్టుకునే జిప్ కవర్ ఉంటుంది చూడండి, అదే వాడాను. నీళ్లు సలసలా మరుగుతున్నాయి. కాసేపటికే కింద అతుకు విడిపోయి, గిన్నెలో నీళ్లన్నీ పాలలాగా తెల్లబడ్డాయి. పట్టుకారుతో పైకి లాగబోతే ఒక చుక్క మణికట్టు మీద పడింది. ఇదిగో, మచ్చ ఇంకా ఉంది. కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు ఆ రోజు.

కాస్టిక్ సోడా కవర్‌ని తినేసిందేమో అనుకున్నాను. కాదు. పాలిథిన్‌ని కాస్టిక్ పెద్దగా ఏమీ చేయదు. దాని సమస్య వేడి. మరిగే నీటి వేడికి మామూలు జిప్ కవర్ మెత్తబడిపోతుంది, అతుకు ముందే వదిలేస్తుంది. కూల్ డ్రింక్ బాటిల్ సంగతి వేరు, ఆ ప్లాస్టిక్‌ని వేడి కాస్టిక్ నిజంగానే పాడుచేస్తుంది. అందుకే కాస్టిక్ నీళ్లు బాటిల్‌లో ఎప్పుడూ కలపొద్దు. స్టీలు గిన్నె వాడండి. అల్యూమినియం అస్సలు వద్దు, అది కాస్టిక్‌తో కలిసి హైడ్రోజన్ వదులుతుంది.

మరి ఏ కవర్? ఆహారాన్ని సీల్ చేసి వేడినీళ్లలో ఉడికించే వాక్యూమ్ కవర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మరిగే నీళ్లకి తట్టుకుంటుందని ప్యాకెట్ మీద రాసి ఉండాలి. రాసి లేకపోతే కొనకండి. ఒకదాంట్లో ఒకటి, రెండు కవర్లు వేస్తాను నేను.

కొలతలకి వద్దాం. కొబ్బరి నూనె 200 గ్రాములు, పామాయిల్ 300. గ్రాము కొబ్బరి నూనెకి 0.183 గ్రాముల కాస్టిక్ కావాలి, పామాయిల్‌కి 0.141. లెక్క వేస్తే 78.9 వస్తుంది. అందులో 5 శాతం తగ్గించి 75 గ్రాములే వేస్తాం, అప్పుడు కొంచెం నూనె మిగులుతుంది, చర్మానికి కాస్త మెత్తగా ఉంటుంది. నూనె మార్చారా, లెక్క మొదటి నుంచి వేయాల్సిందే. గ్లాసులతో, స్పూన్లతో కొలవకండి, తూకం మెషీన్ కావాలి. నీళ్లు 150 గ్రాములు చాలు. గిన్నెలో అయితే ఆవిరైపోతాయని ఎక్కువ పోస్తాం. సీల్ చేసిన కవర్‌లోంచి నీళ్లు ఎక్కడికీ పోవు కదా. కవర్ వల్ల అసలు లాభం ఇదే.

గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని, కిటికీ తీసి, నీళ్లలో కాస్టిక్ కొంచెం కొంచెంగా వేయండి. కాస్టిక్ మీద నీళ్లు పోయొద్దు, చిమ్ముతుంది. డ్రైన్ క్లీనర్ పొడి వాడొద్దు, అందులో వేరే సరుకులు కలుస్తాయి. పొరపాటున మీద పడితే ధారగా వచ్చే నీళ్లతో కనీసం పావుగంట కడగండి. వెనిగర్, నిమ్మకాయ ఏమీ వద్దు. కంట్లో పడితే కడుగుతూనే డాక్టర్ దగ్గరికి.

ఆ నీళ్లు గోరువెచ్చని నూనెలో పోసి హ్యాండ్ బ్లెండర్‌తో దోసెపిండిలాగా చిక్కబడేదాకా తిప్పండి. కవర్‌లో సగం వరకే పోసి, గాలి మొత్తం పిండేసి సీల్ చేయండి. లోపల గాలి ఉంటే వేడికి ఉబ్బుతుంది. గిన్నె అడుగున ఒక ప్లేటు బోర్లించి, దాని మీద కవర్ పెట్టండి. నీళ్లు మరగకూడదు, చిన్న ఆవిరి వచ్చే వేడి చాలు. గంటన్నర నుంచి రెండు గంటల్లో లోపలి పిండి వాసెలీన్‌లాగా మెరుస్తూ పారదర్శకంగా అవుతుంది.

స్టవ్ ఆపి, చేత్తో పట్టుకోగలిగే దాకా చల్లారనివ్వండి. తొందరపడితే మణికట్టు సంగతి చూశారుగా. తర్వాత మూల కత్తిరించి, అచ్చులోకి పిండేయండి. పూర్తిగా చల్లారాక తడి వేలితో సబ్బు రుద్ది, ఆ వేలిని నాలుక కొసకి తాకించండి. బ్యాటరీ తగిలినట్టు జివ్వుమంటే ఇంకా కాస్టిక్ మిగిలుంది, వెంటనే పుక్కిలించి ఉమ్మేయండి, ఆ సబ్బు వాడకండి. ఏమీ అనిపించకపోతే మర్నాడు కోసి రెండు వారాలు ఆరబెట్టండి, గట్టిపడుతుంది. మా అమ్మ మాత్రం ఆరకుండానే ఒక ముక్క పట్టుకెళ్లిపోయింది, గిన్నెలు తోమడానికట.