రక్తపరీక్షకు దొరకని బాధ

ఏమర్రా, జ్వరమొస్తే డాక్టరుగారు ఏం చేస్తారు? థర్మామీటరు పెడతారు, నాలుక చూస్తారు, అప్పటికీ తేలకపోతే రక్తం తీసి ల్యాబుకి పంపిస్తారు. మీరు నోరు విప్పకపోయినా టైఫాయిడో మలేరియానో రిపోర్టు చెప్పేస్తుంది. మనసు సంగతి అలా కాదు. దిగులుకి రక్తపరీక్ష లేదు, భయానికి ఎక్స్‌రే లేదు. మనసుకు వైద్యం చేసే థెరపిస్టు చేతికొచ్చే రిపోర్టల్లా చాలావరకు మీరు చెప్పే మాటే. దాన్ని మీరే దిద్దేస్తే వైద్యం ఎలా కుదురుతుంది?

దిద్దకుండా ఉండడం మాత్రం తేలిక కాదు. అమెరికాలో, కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీకి చెందిన బ్యారీ ఫార్బర్ బృందం థెరపీకి వెళ్ళిన 547 మందిని అడిగింది. థెరపిస్టుతో ఎప్పుడో ఒకప్పుడు అబద్ధమాడామని 93 శాతం మంది ఒప్పుకున్నారు. ఎక్కువమంది ఆడిన అబద్ధం ఏమిటో తెలుసా? ఉన్న బాధను తగ్గించి చెప్పడం. లోపల ఉడికిపోతున్నా పైకి ‘ఫర్వాలేదండీ’ అనేయడమన్నమాట.

మనకి ఇంకో మొహమాటం కూడా ఉంది. చదువుకున్నవారు చెప్పారు, కాదంటే ఏమనుకుంటారోనని తలూపి వచ్చేస్తాం. మళ్ళీ ఆ గడప తొక్కం. కానీ థెరపీ ఇద్దరూ కలిసి చెయ్యాల్సిన పని. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త థెరపీకి మూడు కావాలన్నాడు: ఏం సాధించాలో ఇద్దరిదీ ఒకే మాట, అందుకు చెయ్యాల్సిన పని మీద ఒప్పందం, ఒకరంటే ఒకరికి గురి. పద్ధతి ఏదైనా ఈ పొత్తు కుదిరినచోట ఫలితం మెరుగ్గా ఉంటోందని తర్వాతి పరిశోధనలూ చెప్పాయి. అందుకే, ‘మీరు చెప్పింది నాకు పనిచెయ్యలేదండీ’, ‘పోయినవారం మీరన్న మాట గుచ్చుకుంది’ అనడం అమర్యాద కాదు. వైద్యంలో అదీ భాగమే.

నిజం చెప్పాలన్నా అది గుర్తుండాలి కదా! ఇవాళ మనసు బాగుంటే మంగళవారం నాటి గుబులు చిన్నదిగా తోస్తుంది. కాబట్టి అప్పటికప్పుడు రాసుకోండి. 1960లలో ఆరన్ బెక్ మొదలుపెట్టిన, ఆలోచనలను సరిచూసుకునే సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ) పద్ధతిలో ఇందుకో పట్టిక ఉంది. చూడండి: ‘మేనేజరు మెసేజ్, రేపు ఒకసారి కలవమని. భయం నూటికి 80. తోచిన ఆలోచన, ఉద్యోగం ఊడింది. ఆధారం, ఏమీ లేదు. ఎదురు ఆధారం, పోయిన నెలే మెచ్చుకున్నాడు. ఇప్పుడు భయం 45.’ అరగంట వర్ణన కన్నా ఈ నాలుగు ముక్కలు నయం. థెరపిస్టు ఇంట్లో చెయ్యమని ఇచ్చిన పని చెయ్యలేకపోయారా? వెళ్ళడం మానకండి, ఎక్కడ ఆగిపోయారో చెప్పండి.

సెషను 45, 50 నిమిషాలే. అసలు సంగతి చెప్పులు వేసుకుంటూ కాదు, కూర్చోగానే ఎత్తండి. బయటికి పొక్కుతుందని జంకకండి. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాల్లో తప్ప మీ సంగతి గోప్యంగా ఉంచాలని 2017 నాటి మన దేశపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

కొన్ని వారాలైనా మార్పు కనబడకపోతే, ‘దారి మార్చాలా, వేరేవారిని చూడాలా?’ అని సూటిగా అడగండి. మంచి థెరపిస్టు నొచ్చుకోరు, మీతో కలిసి ఆలోచిస్తారు. చిరాకుపడ్డారంటే మీకు జవాబు దొరికినట్టే.