సముద్రం దాటివచ్చిన ట్రాక్టరు

గోదావరి మండలంలో వరిమడికి దమ్ము చేయడం చూచిన వారికి జపాను ట్రాక్టరు పుట్టుకను గురించి వేరే చెప్పనక్కరలేదు. అక్కడి రైతు కమతం చిన్నది. యుద్ధానంతరం అనేక దశాబ్దాలపాటు అది సగటున ఒక హెక్టారుకు, అనగా రెండున్నర ఎకరాలకు, అటూ ఇటూగానే ఉంటూ వచ్చినది. బురదలో దిగి, గట్టు తెగకుండ మలుపు తిరగవలసిన యంత్రం ఏనుగంత ఉంటే ఏమి ప్రయోజనం? అందుచేతనే కుబోటా, యాన్మార్, ఇసెకి వంటి సంస్థలు పదిహేను, ఇరువది అశ్వశక్తుల బుల్లి ట్రాక్టర్లను విరివిగా తయారుచేసినవి. ఏడాదిలో కొద్ది వారాలు పొలంలోను, తక్కిన కాలం కొట్టంలోను గడిపే ఈ యంత్రాలలో, యజమాని వాటిని మార్చివేసే నాటికి కూడ, సత్తువ ఇంకను చాలా మిగిలి ఉండును.

ఆ సత్తువకు గిరాకీ పసిఫిక్ మహాసముద్రానికి ఆవల ఏర్పడినది. అమెరికాలో అయిదెకరాల తోటయో, నాలుగు గుర్రాలు మేసే పచ్చికబయలో ఉన్న సామాన్యునికి కొత్త ట్రాక్టరు ధర భారమే గదా! వర్తకులు జపానులో పాతవాటిని కొని, ఓడలకెక్కించి, అమెరికాలో రంగువేసి అమ్మసాగిరి. వర్తకునితో పనిలేకుండ తామే తెప్పించుకొన్న సాహసికులును లేకపోలేదు. నల్లబజారు మనకు తెలిసినదే. ఇది నల్లబజారు కాదు. తయారీదారు ఉద్దేశించని దేశంలో, అతని అనుమతి లేకుండ, అతని అసలు సరుకునే అమ్మడానికి గ్రే మార్కెట్టు అని పేరు. సరుకు దొంగది కాదు, నకిలీ కాదు. చిక్కంతా అక్కడనే ఉన్నది.

ఆ చిక్కు న్యాయస్థానానికి ఎక్కినది. కుబోటా సంస్థ ఫిర్యాదుపై అమెరికా అంతర్జాతీయ వాణిజ్య సంఘం 1997లో, ఆ సంస్థ జపానులో తయారుచేసిన, యాభై అశ్వశక్తులకు లోబడిన ట్రాక్టర్లు తన వ్యాపారచిహ్నపు హక్కును భంగపరచే రీతిలో దిగుమతి కారాదని ఉత్తర్వు చేసినది. దిగుమతిదారులు ఊరుకొనలేదు. "మేము తెచ్చినది కుబోటా తయారుచేసిన కుబోటాయే, అందులోను వాడిన సరుకు, పైని జపాను అక్షరాలు చూచి కొనేవాడు మోసపోవడం ఎట్లా?" అన్నది వారి వాదసారం. వినడానికి న్యాయంగానే ఉన్నది. కాని 1999లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం సంఘం పక్షమే వహించినది. పేరు ఒక్కటే కావచ్చును; అమెరికాలో ఆ పేరు చూచి కొనేవాడు ఆశించే వస్తువు వేరు. మీటల మీద, ప్రమాద హెచ్చరికల మీద ఇంగ్లీషు లేదు. చక్రాల మధ్య ఎడము, వేగము, పి.టి.ఓ. షాఫ్టు తిరిగే వడి తేడా. విడిభాగాలకై స్థానిక డీలరు వద్దకు పోతే అతని వద్ద అవి ఉండవు. చెడ్డపేరు మాత్రం కంపెనీకి వచ్చును.

కంపెనీకి తన కొత్త ట్రాక్టర్ల అమ్మకం మీద ప్రేమ లేదని నేను అనను. అయినను హెచ్చరికల విషయంలో తీర్పు సరియైనదనియే నా అభిప్రాయం. చదునైన మడికోసం చేసిన ఇరుకు ట్రాక్టరు ఏటవాలు నేలమీద వేరొక జంతువు. ఏమాత్రం ఒరిగినా, నడిపేవాడు దూకి తప్పించుకొనే వ్యవధి దొరకదు. స్వీడను దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లకు బోల్తా రక్షణ చట్రం తప్పనిసరి చేసినది. తరువాత అక్కడ ఈ చావులు బాగుగా తగ్గినవి. అమెరికా తయారీదారులు 1985 నుండి దాదాపు అన్ని కొత్త ట్రాక్టర్లకును ఆ చట్రాన్ని స్వచ్ఛందంగా అమర్చసాగిరి. జపాను మడుల నుండి వచ్చిన పాతవాటిలో అనేకం ఆ చట్రం లేనివే. చవకగా కొన్నవాడు మొదట వెచ్చించవలసినది రంగుకు కాదు, ఆ ఇనుప కమానుకు, దానితోపాటు నడుముకు బిగించే పట్టీకి.

ఇక స్వయంగా తెప్పించుకొనే వాని సంగతి. సరుకు విలువ 2,500 డాలర్లు మించితే కస్టమ్సువారికి బాండు సమర్పించవలెను. సరుకు వివరాలు ఓడ కెక్కించడానికి 24 గంటల ముందే అందవలెను. ఈ నిబంధన 2009లో వచ్చినది. ఇంజను సంగతి మరీ విచిత్రం. చిన్న డీజిలు ఇంజన్లకు పొగ ప్రమాణాలు 1999, 2000 సంవత్సరాల నుండి అమలులోకి వచ్చినవి. అంతకు పూర్వపు ఇంజనుకు అవి వర్తించవు. తరువాతి దానికి అమెరికా ప్రమాణ ముద్ర లేకపోతే సాధారణంగా ప్రవేశం లేదు. అనగా ముసలి యంత్రానికి దారి ఇచ్చి, పడుచు యంత్రాన్ని రేవులో ఆపుతారు!

ఇన్నియు సరిపడినను ఒకటి మిగిలినది. ట్రాక్టరుకు మట్టి అంటి ఉండరాదు. పరాయి నేలలోని పురుగులు, తెగుళ్లు మట్టితో ప్రయాణం చేయునని వ్యవసాయశాఖవారి భయం. అందుచేత ఓడ ఎక్కకముందే చక్రాల గాడులను, రోటావేటరు కత్తుల మొదళ్లను నీటిధారతో కడిగించవలెను. ఏళ్లతరబడి దమ్ములో తిరిగిన యంత్రానికి బురద ఎక్కడెక్కడ దూరి ఉండునో మన రైతుకు చెప్పనక్కరలేదు. తనిఖీదారు మోకాళ్లమీద వంగి వెదకేది ఆ సందులనే.