మైనం మీద గొంతు చెరగకుండా

గ్రామఫోను తెలుగు ఇళ్లలో చాలామందికి ఎరుకే. దానికంటే ముందు పుట్టిన ఫోనోగ్రాఫు అంతగా తెలియదు. అందులో పళ్లెం లాంటి రికార్డు ఉండదు. రెండుంపావు అంగుళాల వ్యాసం, నాలుగుంపావు అంగుళాల పొడవు ఉన్న మైనపు సిలిండరును ఇరుసుకు తొడిగితే అది గిరగిరా తిరుగుతుంది. గాడి వెంట ముల్లు నడుస్తుంది, బూరలోంచి పాట వస్తుంది.

1877లో అమెరికాలో, న్యూజెర్సీలోని మెన్లో పార్కులో, థామస్ ఎడిసన్ ఆలోచనకు జాన్ క్రూసీ అనే పనిమంతుడు రూపమిచ్చాడు. ఆ తొలి యంత్రం తగరపు రేకు మీద గొంతును నొక్కి ముద్రించేది. రేకు కొద్దిసార్లకే నలిగిపోయేది. తర్వాత చిచెస్టర్ బెల్, చార్లెస్ టెయింటర్ మైనానికి మళ్లారు. ఎడిసన్ 1888 నాటికి అచ్చంగా మైనంతోనే సిలిండరు చేశాడు. 1898లో వచ్చిన ‘ఎడిసన్ స్టాండర్డ్’ 20 డాలర్లకే దొరికింది. ఇవాళ పాత వస్తువులు దాచుకునేవాళ్ల దగ్గర కనిపించే యంత్రాల్లో ఇదొకటి. మరమ్మతు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి గురువు లేదు. కరెంటు లేదు, వాల్వులు లేవు. లోపం ఎక్కడున్నా కంటికో, చెవికో, వేలి కొసకో దొరికి తీరుతుంది.

పని మొదలుపెట్టేవాళ్లు ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోవాలి. ఈ యంత్రం పాడటమే కాదు, రాస్తుంది కూడా. ముల్లు అమర్చి ఉండే, పాడించే సౌండుబాక్సు తీసి రికార్డు చేసేది బిగిస్తే అదే ముల్లుచోట పదునైన అంచు మైనాన్ని కోస్తుంది. పాత పాటను చెక్కేసి నున్నటి మైనం మీద కొత్తది రికార్డు చేసుకునే ఏర్పాటు కూడా అప్పట్లో ఉండేది. అంటే సరిగా బాగుచేయని ఫోనోగ్రాఫు చెడ్డగా పాడి ఊరుకోదు, మైనం మీదున్నదాన్ని చెరిపేస్తుంది. యంత్రానికి విడిభాగాలు ఇప్పటికీ తయారు చేయించుకోవచ్చు. సిలిండరు మీది గొంతుకు మాత్రం చాలాసార్లు రెండో ప్రతి లేదు. అందుకే పరీక్షలన్నీ సిలిండరు తొడగకుండానే జరగాలి.

ముందు మోటారు. కీ ఇచ్చి వదిలితే లోపలినుంచి ఉండుండి ‘ధబ్’మని చప్పుడొస్తుందా? స్ప్రింగు డబ్బాలో నూరేళ్ల కిందటి గ్రీజు గట్టిపడి ఉంటుంది. చుట్లు ఒకదానికొకటి అంటుకుని, బలం పెరిగాక ఒక్కసారిగా జారుతుంటాయి. దాన్ని విప్పి, కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు పూయాలి. అయితే కీ బలం మొత్తం దిగిపోయాక మాత్రమే డబ్బా మూత తియ్యాలి. బిగువుతో ఉన్న స్ప్రింగు బయటకు దూకితే వేళ్లు తెగుతాయి. అలవాటు లేనివాళ్లు ఈ ఒక్క పనీ చేయి తిరిగినవాడికి అప్పగించడం మంచిది.

పాట సాగుతూ కుంచించుకుంటూ వినిపిస్తే చాలామంది స్ప్రింగునే అనుమానిస్తారు. నేనైతే మొదట తోలు బెల్టును చూడమంటాను. సాగిపోయినా, దాని మీద నూనె పడినా జారుతుంది. ఆ తర్వాత గవర్నరు. మూడు చిన్న బరువులు తిరుగుతూ వేగం పెరిగేకొద్దీ బయటికి విచ్చుకుంటాయి. అప్పుడు ఒక బిళ్ల జరిగి మెత్తకు ఒరుసుకుంటుంది, వేగం అదుపులోకి వస్తుంది. ఆ మెత్త ఎండిపోతే కీచుమంటుంది. ఒక్క చుక్క నూనె చాలు. వేగం నిమిషానికి 160 చుట్లు ఉండాలి. ఇరుసు మీద చిన్న కాగితం ముక్క అంటించి, 15 సెకన్లలో 40 సార్లు ఎదురుపడుతోందో లేదో లెక్కపెడితే సరి.

ఇక ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తోందంటే గ్రామఫోను అలవాటున్నవాళ్లు రికార్డు గీసుకుపోయిందనుకుంటారు. ఇక్కడ కథ వేరు. గ్రామఫోనులో ముల్లును గాడే లాక్కుపోతుంది. ఫోనోగ్రాఫులో ఆ పని ఒక పొడవాటి మర చేస్తుంది. అంగుళానికి నూరు చుట్లున్న సన్నని మర తిరుగుతుంటే, దాని మీద ఆనిన సగం నట్టు ముల్లున్న బండిని మెల్లగా పక్కకు నడుపుతుంది. నట్టు అరిగినా, దాని గీతల్లో జిడ్డు పేరుకున్నా పట్టు తప్పి ముల్లు ఉన్నచోటే ఉండి అదే గాడిని తొలుస్తుంది. పాత టూత్‌బ్రష్షుతో మరను, నట్టును శుభ్రం చేస్తే సగం జబ్బు పోతుంది.

అసలు ప్రాణం సౌండుబాక్సులో ఉంది. గాడి అడుగు పైకీ కిందికీ అలలా సాగుతుంది. ఆ కదలిక వెంట్రుక మందం కూడా ఉండదు. ముల్లు దాన్ని అందుకుని సన్నటి పొరను కదిలించాలి. చాలా యంత్రాల్లో ఆ పొర అభ్రకమే. మన గూడూరు గనుల్లో తవ్వే అభ్రకం చూసినవాళ్లకు ఆ పలుచదనం తెలుసు. పొర అంచున ఉండే రబ్బరు వలయాలు కాలంతో రాయిలా గట్టిపడతాయి. గరగరలాడే శబ్దానికి, పీలగొంతుకు చాలావరకు కారణం ఇవే. మెత్తటి రబ్బరు వేస్తే గొంతు తిరిగొస్తుంది. నీలమణి ముల్లును మాత్రం తప్పకుండా భూతద్దం కింద చూడాలి. అంచు రవ్వంత విరిగినా అది ఉలి అవుతుంది.

ముల్లు బాగున్నా సరిపోదు, సరైనది కావాలి. 1908లో ఎడిసన్ నాలుగు నిమిషాల సిలిండర్లు తెచ్చాడు. అంగుళానికి గాళ్లు 200 అయ్యాయి. అంతకుముందున్న రెండు నిమిషాల సిలిండర్ల కోసం చేసిన లావుపాటి ముల్లును వీటి మీద పెడితే ఇరుకు గాళ్లు నలిగిపోతాయి. 1912లో వచ్చిన సెల్యులాయిడ్ ‘బ్లూ ఆంబరాల్’ సిలిండర్లు వజ్రపు ముల్లును తట్టుకుంటాయి. ఆ వజ్రాన్ని మైనం మీద పెట్టకూడదు. బ్లూ ఆంబరాల్ లోపలి ప్లాస్టరు చెమ్మకు ఉబ్బి ఇరుసుకు ఎక్కదు. బలవంతంగా నెడితే పగులుతుంది. మైనపు సిలిండరును ఎప్పుడూ లోపల రెండు వేళ్లు విచ్చి పట్టుకోవాలి. చల్లటి మైనానికి వెచ్చటి అరచేయి తగిలినా పగులు రావచ్చు.

యంత్రానికి కొత్త రంగు వేసి, బంగారు గీతలు తుడిచేసి, నికెలు పూత పూసి మెరిపించడాన్ని నేను మరమ్మతు అనను. పాడడానికి అవసరమైనంతే చెయ్యాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, పాటల వ్యాపారమే కాదు, పెద్ద పనులూ మైనం మీద జరిగాయి. 1890లో మానవశాస్త్రవేత్త జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పాసమకోడి అనే ఆదివాసీ తెగవాళ్ల పాటలు, కథలు సిలిండర్ల మీద పట్టాడు. హంగేరీ స్వరకర్త బేలా బార్తోక్ ఫోనోగ్రాఫు మోసుకుని పల్లెపల్లెకూ తిరిగి జానపదాలు సేకరించాడు. కలకత్తాలో వ్యాపారి హేమేంద్ర మోహన్ బోస్ రవీంద్రనాథ్ ఠాగూర్ గొంతును సిలిండర్ల మీద రికార్డు చేశాడు.

ఎడిసన్ కంపెనీ 1929లో సిలిండర్ల తయారీ ఆపేసింది. మీ బంధువుల ఇంటి అటక మీదో, పాత బజారులోనో మైనపు సిలిండరు ఎప్పుడైనా కనిపిస్తే, ఎంత ఆత్రంగా ఉన్నా వాయించి చూడకండి. చల్లటి, పొడి చోట నిలబెట్టి ఉంచండి. ముల్లు ఆనించకుండా కాంతితోనే గాడిని చదివే పద్ధతిని అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో కార్ల్ హేబర్ బృందం తయారు చేసింది. అలాంటి సౌకర్యమున్న చోటికి చేరేదాకా దాన్ని తాకకుండా దాచిపెట్టండి.