చేతిలోని యంత్రము – చేయవలసిన యలవాట్లు

రాత్రి పరుండఁబోవునపుడు వీథితలుపు గడియ వేయుట మనలో నెవరును మఱవరు. వేయుమని ప్రతిదినమును ఎవరైనఁ జెప్పుచున్నారా? లేదు. దొంగలు వత్తురను భయముతో వేయుచున్నామా? అదియు లేదు. చిన్ననాఁటినుండి పెద్దలు చేయుచుండఁగాఁ జూచి నేర్చితిమి. ఇపుడు చేయి తనంతఁ దానే గడియను వెదకికొనును. దీనినే యలవాటందురు. ఆలోచన యలసిపోవును, భయము కొన్నాళ్లకుఁ జల్లాఱును, తెలివి సమయమునకు స్ఫురింపకపోవచ్చును. అలవాటు మాత్రము నిద్రమత్తులోఁ గూడఁ దన పని తాను జేయును.

నేఁడు మన యిండ్లకు రెండవ తలుపొకటి యేర్పడినది. అది చేతిలోని ఫోను. యు.పి.ఐ. అను చెల్లింపు పద్ధతి 2016 సంవత్సరమున మన దేశమున ప్రారంభమైనది మొదలు, కూరగాయల యంగడిలో సైతము ఫోనే డబ్బుసంచి యైనది. తండ్రిగారి జీతము, తాతగారి పింఛను, తల్లిగారు కూడఁబెట్టిన సొమ్ము, పిల్లల పరీక్షాపత్రములు, దస్తావేజుల ఛాయాచిత్రములు, బంధువుల యుత్తరములు – అన్నింటికిని దారి యా చిన్న పలకలోనే యున్నది. ఈ తలుపునకు గడియ వేయుట మనకు నేర్పఁగల పెద్దలు మన యిండ్లలో నరుదు. ఏలయన వారి చిన్నతనమున నీ తలుపే లేదు. కావున నీ విషయమున వరుస తలక్రిందులైనది. పిల్లలు ముందు నేర్చి పెద్దలకు నేర్పవలసియున్నది. అట్టి యలవాట్లను గొన్నింటిని వాని కారణములతోఁ గూడ నిచట వివరించెదను. కారణ మెఱుఁగని యలవాటు చిరకాలము నిలువదు గదా!

1. ఒక్కొక్క తలుపునకు ఒక్కొక్క తాళపుఁజెవి

పాస్‌వర్డనఁబడు సంకేతపదము కంప్యూటరులకు వచ్చి అఱువది యేండ్లు దాఁటినది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునందు, 1960 దశాబ్దపుఁ దొలి యేండ్లలో, ఫెర్నాండో కార్బటో అను పండితుఁడును ఆయన సహచరులును ఒకే కంప్యూటరును పలువురు పంచుకొని వాడు నేర్పాటు చేసిరి. ఎవరి వ్రాతలు వారికే దక్కుటకై యొక్కొక్కరికి నొక రహస్యపదము నిచ్చిరి. 1962లో నచ్చటి పరిశోధకుఁడు అలన్ షెర్ అనునాతఁడు, తనకు వారమునకు నియమింపఁబడిన నాలుగు గంటల కాలము చాలక, అందఱి సంకేతపదములు గల పట్టికను ఆ యంత్రముచేతనే అచ్చు వేయించి, ఇతరుల కాలమును గూడ వాడుకొనెను. 1966లో నొక పొరపాటువలన నా పట్టికయే, నాఁటి ప్రకటనకు బదులుగా, యంత్రమును వాడవచ్చిన వారందఱకును గనఁబడెను.

ఈ రెండు సంఘటనలలోను సంకేతపదములు గలవారు చేసిన తప్పేమియు లేదు. దాఁచియుంచిన చోటినుండియే యవి బయలుపడినవి. తరువాతి కాలమునను నట్లే జరిగినది. 2009లో రాక్‌యూ అను సంస్థనుండి 3 కోట్ల 20 లక్షల సంకేతపదములు దొంగలపాలయ్యెను. 2012లో డ్రాప్‌బాక్స్ సంస్థలోని యుద్యోగి యొకరు వేఱొకచోట వాడిన సంకేతపదమునే తమ కార్యాలయమునందును వాడియుండుటచే, అచ్చటఁ బోయినది ఇచ్చటి తలుపును దెఱచినది. 6 కోట్లకుఁ బైగా ఖాతాల వివరములు పోయినవి.

కాఁబట్టి మొదటి యలవాటిది: ఒక తలుపునకు వాడిన తాళపుఁజెవిని మఱియొక తలుపునకు వాడరాదు. అందును బ్యాంకి సంకేతపదమును, ఈ-మెయిలు సంకేతపదమును తప్పక వేఱువేఱుగా నుండవలెను. తక్కిన ఖాతాలకుఁ గ్రొత్త తాళపుఁజెవులు పంపఁబడునది సాధారణముగా మన మెయిలు పెట్టెకే. అది పోయినచో నన్నియుఁ బోయినట్లే.

ఇఁక నెట్టి పదము మంచిది? రాక్‌యూ పట్టికలో నెక్కువమంది యెన్నుకొన్నది 123456 అను వరుస. 1988 నవంబరు 2వ తేదీన అమెరికాలో వ్యాపించిన ‘మోరిస్ పురుగు’ అను కంప్యూటరు క్రమము, తనతోఁ దెచ్చుకొన్న నాలుగువందల చిల్లర మాటల పట్టికతోనే యెందఱి సంకేతపదములనో యూహింపఁగలిగెను. మన పేరు, పుట్టినతేదీ, ఊరిపేరు, ఫోను సంఖ్య – ఇవి దొంగ మొదటఁ బ్రయత్నించునవి.

లెక్కలు చదువు విద్యార్థులు దీనిని స్వయముగా గుణించి చూడవచ్చును. నాలుగంకెల పిన్ 10,000 విధముల నుండవచ్చును. ఆఱంకెలది 10 లక్షల విధముల నుండవచ్చును. ఇంగ్లీషు చిన్న యక్షరములను ఎనిమిదింటిని వరుస యేమియు లేక యేఱి కూర్చినచో సుమారు 20,882 కోట్ల విధములు. వానికి మఱి నాలుగక్షరములు చేర్చినచో, ఆ సంఖ్యకు 4,56,976 రెట్లు! గుర్తులు చొప్పించి నోరు తిరుగని చిన్న పదమును గట్టుటకంటె పొడవైన పదమును గూర్చుట మేలగుట యిందువలననే. పరస్పర సంబంధము లేని నాలుగైదు మాటలను గ్రుడ్డిగా నేఱి వరుసగా నుంచిన చాలును: చింతచెట్టు, అద్దము, గురువారము, నత్త – ఇట్టివి. (ఈ యుదాహరణమును మాత్రము ఎవరును వాడరాదు. అచ్చయినది రహస్యము గాదు.)

నెలనెలకు సంకేతపదమును మార్చవలెనని పూర్వము చెప్పుచుండిరి. జనులు చివరనున్న 1ని 2గా మార్చి ఊరకుండిరి. అందుచే 2017లో అమెరికా ప్రభుత్వ ప్రమాణసంస్థ యగు నిస్ట్, పదము బయలుపడినట్లు తెలిసినపుడు మార్చవలెనే కాని, గడువు పెట్టి మార్పించుట తగదని ప్రకటించినది. ఇన్ని పదములను జ్ఞాపకముంచుకొనలేనివారికి పాస్‌వర్డ్ మేనేజరులను సాధనములున్నవి. ఒక పెద్ద పదమును మన మెఱిఁగియున్న, తక్కినవానిని అవి దాఁచును. అది చేతఁగాని పెద్దలు పుస్తకములో వ్రాసి బీరువాలో నుంచుకొనుట, అన్నిటికి నొకే పదమును వాడుటకంటె నెంతయు మేలు. దూరదేశపు దొంగ మన బీరువాను దెఱవలేఁడు. బ్యాంకి పిన్ మాత్రము ఎచ్చటను వ్రాయరాదు.

2. రెండవ గడియ

సంకేతపదము పోయినను తలుపు తెఱచుకొనకుండుటకు రెండవ గడియ యున్నది. సంకేతపదము తరువాత, ఫోనునకు వచ్చిన యంకెలను గూడ నడుగుట దాని పద్ధతి. మెయిలునకు దీనిని, వాట్సాపునకు మనమే నిర్ణయించుకొను పిన్‌ను నేఁడే యేర్పఱచుకొనవలెను. ఓ.టి.పి. యని మనము చెప్పుకొను నా యంకెలు మనము స్వయముగా నొత్తుటకు వచ్చినవే కాని, ఫోనులో నడిగినవారికిఁ జదివి వినిపించుటకు వచ్చినవి కావు. బ్యాంకివారు వాని నడుగరు. అడిగినవారు బ్యాంకివారు కారు.

ఇంటిలోని పెద్దలకుఁ బ్రత్యేకముగాఁ జెప్పవలసిన దొకటి కలదు. యు.పి.ఐ. పిన్ సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకుఁ గాదు. “మీకు డబ్బు పంపుచున్నాము, పిన్ ఒత్తుఁడు” అని యెవరైనఁ జెప్పినచో, వారు పంపువారు గాక పుచ్చుకొనువారని యెఱుఁగవలెను.

3. ఒక్క నిమిషము నిలుచుట

నేఁటి దొంగలలోఁ బెక్కుఱు తాళములు పగులఁగొట్టరు. మనచేతనే తెఱపింతురు. వారి పనిముట్లు మూఁడే: భయము, ఆశ, తొందర. “ఈ రాత్రికే మీ యింటి విద్యుచ్ఛక్తి నిలుపుదుము” అనునది భయము. “మీకు బహుమానము వచ్చినది” అనునది యాశ. “పది నిమిషములలోఁ జేయనిచో ఖాతా మూసివేయఁబడును” అనునది తొందర. పెండ్లి శుభలేఖ యని వాట్సాపులో నొక ఫైలు పంపుటయు నీ జాతిలోనిదే. చిత్రమనుకొని దానిని దెఱచి, అడిగిన యనుమతుల నిచ్చినచో, అది ఫోనులో స్థిరపడి వచ్చిన యంకెలను దొంగకుఁ జేరవేయును.

వీనిలో నెల్లఁ గ్రూరమైనది ‘డిజిటల్ అరెస్టు’. పోలీసు దుస్తులు ధరించినవాఁడు వీడియోలోఁ గనఁబడి, “మీ పేరున మత్తుమందుల పొట్లము దొరికినది, గదినుండి కదలరాదు, ఎవరితోను జెప్పరాదు” అని గంటలకొలఁది బెదరించి సొమ్మంతయుఁ బంపించుకొనును. మన దేశపుఁ జట్టములో నిట్టి యరెస్టు లేదని ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2024 అక్టోబరు 27వ తేదీనాఁటి రేడియో ప్రసంగములోఁ బ్రజలకుఁ దెలియఁజేసిరి. చదువుకొన్న యుద్యోగులును దీనికి లోఁబడిరనినచో, ఇది తెలివిలేమివలనఁ గలుగునది కాదని గ్రహింపవలెను. భయము వచ్చినపుడు తెలివి పనిచేయదు. అపుడు పనిచేయునది యలవాటే.

ఆ యలవాటిట్టిది. ఫోనును దింపివేయవలెను. బ్యాంకి కార్డు వెనుక నచ్చువేసిన సంఖ్యకుఁ గాని, మనకు ముందే తెలిసిన సంఖ్యకుఁ గాని, మనమే ఫోను చేసి కనుఁగొనవలెను. వచ్చిన సందేశములోని సంఖ్యకుఁ జేయరాదు. అందలి లింకును దెఱవరాదు. ఇంట నొకరితోనైనఁ జెప్పవలెను. “ఎవరితోను జెప్పవద్దు” అను మాటయే మోసమునకు మొదటి గుఱుతు.

4. మరమ్మతులును, నకళ్లును

ఫోను అప్పుడప్పుడు “నవీకరింపుము” అని యడుగును. మనము “రేపు” అందుము. 2017 మే 12వ తేదీన వన్నాక్రై అను దుష్టక్రమము 150 దేశములకు వ్యాపించి, కంప్యూటరులలోని పత్రములను బంధించి, విడుదలకు ధనమడిగెను. ఇంగ్లండులోని ప్రభుత్వ వైద్యశాలలలోఁ జికిత్సలు నిలిచిపోయినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటరులు కొన్నియు దాని వాతఁబడినవి. అది దూఱివచ్చిన రంధ్రమును బూడ్చు మరమ్మతును మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చి 14వ తేదీననే, అనఁగా సుమారు రెండు మాసములకు ముందే, విడుదల చేసియుండెను. ‘రేపు’ అన్నవారే యెక్కువగాఁ జిక్కుకొనిరి.

నకళ్లు తీసి వేఱొకచోట నుంచుటయు నిట్టిదే. 1998లోఁ బిక్సార్ సంస్థవారు ‘టాయ్ స్టోరీ 2’ అను చలనచిత్రమును నిర్మించుచుండఁగా, పొరపాటున నిచ్చిన యొక్క యాజ్ఞచే దానిలోఁ బెద్దభాగము తుడిచిపెట్టుకొనిపోయెను. నకళ్లు తీయు నేర్పాటున్నది. అది సరిగాఁ బనిచేయుటలేదని మాత్ర మెవరును గనిపెట్టలేదు. పసిబిడ్డ కారణముగా నింటినుండి పనిచేయుచుండిన యుద్యోగిని కంప్యూటరులోని ప్రతి వారిని గాపాడినది. నకలు తీసిన చాలదు. అది తెఱచుకొనుచున్నదో లేదో యప్పుడప్పుడు చూడవలెను.

5. మార్చరాని సంకేతపదము

సంకేతపదము పోయిన మార్చుకొందుము. వ్రేలిముద్ర పోయిన మార్చుకొనలేము. 2018లోఁ దెలంగాణమున నొకఁడు రిజిస్ట్రేషను పత్రములపైనున్న వ్రేలిముద్రలను రబ్బరుపై దింపి, వానితో నితరుల పేర సిం కార్డులను జెల్లించినట్లు బయలుపడినది. కాఁబట్టి ఆధార్ నకలును అడిగినవారికెల్ల నీయరాదు. ఇయ్యవలసివచ్చినపుడు చివరి నాలుగంకెలు మాత్రమే కనఁబడు ప్రతిని వాడవచ్చును. ఇచ్చిన నకలుమీఁద నెందుల కిచ్చితిమో వ్రాయవలెను. వ్రేలిముద్రలకుఁ దాళము వేయు వసతియు ఆధార్ సంస్థవారు కల్పించియున్నారు.

6. దాఁచక చెప్పుట

ఎంత జాగ్రత్త గలవారైనను ఒకనాఁడు మోసపోవచ్చును. అపుడు చేయవలసిన దొక్కటే: ఆలస్యములేక చెప్పుట. ‘దొంగలు పడిన యాఱు నెలలకుఁ గుక్కలు మొఱిగినట్లు’ అను సామెత మనకుఁ గలదు. ఇచట నాఱు నెలలు గాదు, ఆఱు గంటలే మించిపోవు కాలము. దొంగిలిన సొమ్ము ఒక ఖాతానుండి వేఱొక ఖాతాకుఁ బరుగెత్తుచుండును. దారిలో నుండఁగానే బ్యాంకివారికిఁ దెలిసిన నాపఁగలరు. చేతికందిన తరువాత నాపలేరు. ఇందులకే 1930 అను జాతీయ సైబరు నేర సహాయసంఖ్య యున్నది. బ్యాంకికిని వెంటనే తెలుపవలెను. ఫోనే పోయినచో సంచార్ సాథీ ద్వారమున దానిని పనికిరాకుండఁ జేయింపవచ్చును.

తలిదండ్రులకు నొక్క మనవి. పిల్లవాఁడు పొరపాటున సొమ్ము పోఁగొట్టినను, ముసలితల్లి ఓ.టి.పి. చెప్పివేసినను, మొదట దిట్టకుఁడు. ఒకమాఱు తిట్లు తిన్నవారు రెండవమాఱు దాఁతురు. ఎవఁడో చిత్రములు చూపి బెదరించుచున్నాఁడని బాలుఁడో బాలికయో మీకుఁ జెప్పలేకపోయిన, పోవునది సొమ్ముతో ముగియదు. దొంగకు మన మౌనమే పెట్టుబడి. ఇంటిలో నిర్భయముగాఁ జెప్పుకొను నలవాటున్నచో, పైఁ జెప్పినవానిలో లోపమున్నను గొంతవఱకు సవరించుకొనవచ్చును. అది లేనిచోఁ దక్కినవన్నియు నున్నను జాలవు.

7. అలవాటు చేయు విధము

ఇవి యన్నియు నొక్కదినమున మొదలిడినచో నొక్కదినముననే విడిచిపెట్టుదుము. నెలకొక్కటి చాలును. క్రొత్త యలవాటును పాతదానికి ముడివేయవలెను. నెల మొదటఁ బాలవాని లెక్క చూచునపుడే బ్యాంకి లెక్కయుఁ జూచుట. ఆదివారమున ఫోనునకు మరమ్మతులు వేయుట. సెలవులు మొదలైననాఁడు నకళ్లు తీయుట – ఇట్లు ముడివేసిన నవి నిలుచును.

విద్యార్థులారా! ఈ వారమున నింట నొక పెద్దవారి ప్రక్కనఁ గూర్చుండి, సొమ్ము పుచ్చుకొనుటకుఁ బిన్ అక్కఱలేదని యోపికతోఁ జూపుఁడు. ఆ ఫోనులో 1930 సంఖ్యను వ్రాసి పెట్టుఁడు. వారు రెండవమాఱడిగినను విసువక చెప్పుఁడు. మనకు నడక నేర్పినపుడు వారు లెక్కపెట్టకయే చెప్పిరి.