తెర మీది గాజు పలక

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో కంప్యూటర్ వాడినవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. ఏదో ఒక ప్రోగ్రామ్ బిగుసుకుపోయేది. దాని మీదుగా ఇంకో విండోను మౌస్‌తో లాగితే, లాగినంత మేరా ఆ విండో ముద్రలు వరసగా పడిపోయేవి. తెర ఎలా తయారవుతుందో ఆ ముద్రలే చెబుతాయి.

అప్పట్లో ప్రతి ప్రోగ్రామూ తన బొమ్మను నేరుగా తెర మీదే గీసేది. పై విండో జరిగితే కింద ఏముండేదో ఎక్కడా దాచిపెట్టి ఉండేది కాదు. 'నీ భాగం మళ్లీ గీసుకో' అని ఆపరేటింగ్ సిస్టమ్ కింది ప్రోగ్రామ్‌కు కబురు పెట్టేది. అది బిగుసుకుపోయి ఉంటే గీసే దిక్కు లేదు, పాత ముద్రే మిగిలిపోయేది.

ఇలా చేయడానికి మూల కారణం తొలినాళ్ల మెమరీ కరువు. 1984లో వచ్చిన మొదటి మ్యాకింటాష్ తెర 512 × 342 చుక్కలు, నలుపూ తెలుపూ మాత్రమే. ఆ ఒక్క తెర బొమ్మకే దాదాపు 22 వేల బైట్లు కావాలి. యంత్రం మొత్తం మెమరీ 128 కిలోబైట్లు. ఒక్కో విండోకు విడిగా బొమ్మ దాచే స్తోమత ఎక్కడిది? అందుకే యాపిల్ ఇంజినీరు బిల్ అట్కిన్సన్, ఒకదాని మీద ఒకటి పడ్డ విండోల్లో కనిపించే ముక్కలను మాత్రమే లెక్కగట్టి గీసే పద్ధతి కనిపెట్టాడు. ఆ పనితనం ఎంత గొప్పదో తెలియాలంటే 1985 నాటి మొదటి విండోస్‌ను చూడాలి. అందులో విండోలు పక్కపక్కనే సర్దుకోవలసిందే, ఒకదాని మీదికి ఒకటి ఎక్కేవి కావు. ఆ వెసులుబాటు 1987లో రెండో విండోస్‌తో వచ్చింది.

ఈ పద్ధతిలో గాజు లాంటి విండో అసాధ్యమనే చెప్పాలి. వెనకున్నది కనపడాలంటే వెనకున్నదాని బొమ్మ చేతిలో ఉండాలి కదా.

ఆ ముడి మ్యాక్ ఓఎస్ టెన్‌లో వీడింది. అక్కడ ప్రతి విండో మెమరీలో తన సొంత చోటులో తయారవుతుంది. వాటన్నిటినీ పొరలు పొరలుగా కలిపి తెర మీదికి పంపేది కంపోజిటర్ అనే వేరే ప్రోగ్రామ్. 2000 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఆ కొత్త రూపాన్ని ఆక్వా పేరుతో చూపించి, చూస్తే నాకాలనిపించాలన్నదే తమ కోరిక అన్నాడు. నీటిబొట్ల లాంటి బటన్లు, వెనకున్నది లీలగా కనిపించే మెనూలు నిజంగానే ముచ్చటగా ఉండేవి. కానీ పొరలు కలిపే పనంతా ప్రాసెసర్ మీదే పడి, 2001 నాటి తొలి వెర్షన్ మందకొడిగా నడిచింది. మరుసటి ఏడాది ఆ బరువును గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించారు. ఆటల కోసం పుట్టిన చిప్పుకు ఆఫీసు పని దొరికింది.

మైక్రోసాఫ్ట్ గాజు పేరు ఏరో. 2007 జనవరిలో విస్టాతో ఇళ్లకు చేరింది. విండో అంచుల వెనకున్నది మసకగా కనిపించేది. ఆ మసకలోనే తెలివి ఉంది. వెనకున్న అక్షరాలు స్పష్టంగా కనబడితే ముందున్న అక్షరాలతో పోటీపడతాయి. అందుకని ప్రతి చుక్క రంగునూ చుట్టుపక్కల చుక్కల రంగులతో కలిపి సగటు తీస్తారు. రంగు మిగులుతుంది, ఆకారం కరిగిపోతుంది. తెర మారినప్పుడల్లా లక్షల చుక్కలకు ఈ లెక్క వేయాలి కాబట్టి మంచి గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరైంది. చవక రకం విస్టా హోమ్ బేసిక్‌కు గాజు దక్కలేదు. 'విస్టాకు తగినది' అన్న స్టిక్కర్ చూసి కంప్యూటర్ కొన్నవాళ్లు, తమకు గాజు రాలేదని అమెరికాలో కోర్టుకెక్కారు.

2012లో విండోస్ 8 గాజును తీసేసి బల్లపరుపు రంగులు పరిచింది. టాబ్లెట్ల కాలం అది, బ్యాటరీ ముఖ్యం. చాలామంది గమనించనిది ఒకటుంది. గాజు పోయినా కంపోజిటర్ పోలేదు. విస్టాలో, విండోస్ 7లో దాన్ని ఆపేసే వీలుండేది. విండోస్ 8 నుంచి ఆ వీలూ లేదు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ కంపోజిటరే. గాజు దాని మొదటి ప్రదర్శన మాత్రమే.

2021లో విండోస్ 11తో గాజుకు పొదుపైన రూపం వచ్చింది. మైకా అనే దాని పూత కింది విండోలను అసలు చూడదు. డెస్క్‌టాప్ వాల్‌పేపర్ రంగును ఒక్కసారి తీసుకుని విండోకు పులుముతుంది, అంతే. ఖర్చు తక్కువ, అక్షరానికీ స్థిరమైన నేపథ్యం దొరుకుతుంది. నాకు అన్నిటికంటే నచ్చిన పరిష్కారం ఇది.

యాపిల్ దీనికి ఎదురు దారి పట్టింది. 2025 జూన్‌లో ప్రకటించిన మ్యాక్ ఓఎస్ టాహోలో లిక్విడ్ గ్లాస్ మసకతో ఆగదు; అంచుల దగ్గర కటకంలా వెలుతురును వంచి చూపిస్తుంది. మెనూ బార్ పూర్తిగా పారదర్శకం. చదవడం కష్టంగా ఉందన్న ఫిర్యాదులు వెల్లువెత్తాక, టాహో 26.1 వెర్షన్‌లో గాజును చిక్కబరిచే ఎంపిక ఇచ్చారు.

తెలుగువాళ్లుగా ఈ విషయంలో మనం గట్టిగా మాట్లాడాలి. వెబ్ పేజీల ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కాంతి నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలి. గాజు వెనక ఫొటో మారితే ఆ నిష్పత్తీ మారిపోతుంది. మన లిపిలో 'ద'కూ 'ధ'కూ తేడా చిన్న గీత. ఒత్తులు అసలు అక్షరం కంటే చిన్నవి. మెనూ సైజులో ఇవన్నీ కొద్దిపాటి చుక్కలే, నేపథ్యం కదిలినప్పుడు మొదట మాయమయ్యేవీ అవే. ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చాక గానీ విండోస్‌లో తెలుగు కుదురుకోలేదు. ఈసారి అలా ఆలస్యం కాకుండా, రేపటి గాజును తెలుగు మెనూల మీద కూడా పరీక్షించి విడుదల చేయమని అడిగే హక్కు మనకుంది.

ఈలోగా కళ్లు శ్రమపడుతుంటే గాజును ఆపేయవచ్చు. విండోస్ 11 సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్ కింద కలర్స్‌లో 'ట్రాన్స్‌పరెన్సీ ఎఫెక్ట్స్' అనే మీట ఉంది. మ్యాక్‌లో అయితే యాక్సెసిబిలిటీ కింద డిస్‌ప్లేలో 'రెడ్యూస్ ట్రాన్స్‌పరెన్సీ'.